పడి లేచే క్యాసినో నగరాలు: లేచేది ఎవరు?

లాస్ వేగస్‌లో క్యాసినోలు బారులు తీరిన స్ట్రిప్ అనే వీధికి ఉత్తరపు కొసన ఒక నీలి అద్దాల భవనం పద్నాలుగేళ్లపాటు చీకట్లో నిలబడింది. దాని పేరు ఫాంటెన్‌బ్లో. 2007లో పని మొదలైంది. 2009 నాటికి మూడింట రెండు వంతులకు పైగా పూర్తయ్యాక అప్పిచ్చినవాళ్లు చేతులెత్తేశారు, ప్రాజెక్టు దివాలా తీసింది. మరుసటి ఏడాది మదుపుదారు కార్ల్ ఐకాన్ దాన్ని సుమారు 15 కోట్ల డాలర్లకు కొన్నారు. కొన్నారే గాని కట్టలేదు. గదుల కోసం అప్పటికే తెప్పించి ఉంచిన సామాను అమ్మేశారు. పాత డౌన్‌టౌన్‌లోని ప్లాజా హోటల్ అందులో కొంత కొనుక్కుని తన గదులను ముస్తాబు చేసుకుంది. 2017లో ఆయన భవనాన్ని 60 కోట్లకు అమ్మి తప్పుకున్నారు. అది చేతులు మారి మారి, మొదట తలపెట్టిన జెఫ్రీ సోఫర్ దగ్గరికే తిరిగొచ్చి, 2023 డిసెంబరు 13న తెరుచుకుంది. దాన్ని ముంచిన 2008 నాటి మాంద్యమేమో 2009 జూన్‌లోనే ముగిసిందని ఆర్థికవేత్తల లెక్క.

కాబట్టి ఫలానా క్యాసినో నగరం కోలుకుందని ఎవరైనా అంటే, ఎవరి పద్దు చూసి అంటున్నారని అడగాలి. క్యాసినో యజమాని, అప్పిచ్చిన బ్యాంకు, నగరపాలక సంస్థ, గదులు శుభ్రం చేసే మనిషి ఒకే రోజున పడరు, ఒకే రోజున లేవరు. కొన్నిసార్లు ఒకరు పూర్తిగా మునిగితే గాని మరొకరు తేలరు.

ఈ నగరాలకు వచ్చే కష్టాల్లో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. ఒకటి, వచ్చేవాళ్ల జేబు ఖాళీ కావడం. మాంద్యం, మహమ్మారి, విమానాలు ఆగిపోవడం ఈ కోవలోవి. రెండోది, పక్క రాష్ట్రమో పక్క దేశమో జూదానికి తలుపులు తెరవడం. మొదటి దెబ్బ తగిలితే ఓపిక పట్టాలి, అప్పుల సంగతి తేల్చుకోవాలి. రెండో దెబ్బకు ఓపిక పనికిరాదు. ఊరికి రావడానికి మరో కారణం పుట్టించాలి, లేదా ఊరు చిన్నదైపోవడానికి ఒప్పుకోవాలి. రెండో దెబ్బ తిన్న ఊళ్లు దాన్ని మొదటి రకమనుకుని ఏళ్ల తరబడి ఎదురుచూడటం ఈ వ్యాపారంలో పరిపాటి.

మొదటి రకానికి 2008 నాటి లాస్ వేగస్‌ను మించిన ఉదాహరణ లేదు. 2007లో ఆ నగరానికి 3.92 కోట్ల మంది వచ్చారు. 2009లో 3.64 కోట్ల మంది. ఏడు శాతం తగ్గుదల అంటే ఘోరమేమీ కాదనిపిస్తుంది. గది అద్దె చూస్తే అసలు సంగతి తెలుస్తుంది: రోజుకు సగటున 132 డాలర్లున్నది 93 డాలర్లకు పడిపోయింది. ఈ రాత్రి ఖాళీగా ఉన్న గదిని రేపు అమ్ముకోలేరు. పైగా ఆ గదిలో దిగిన మనిషి కింద స్లాట్ మెషీన్ ముందు కూర్చుంటాడు, భోజనం చేస్తాడు, ప్రదర్శనకు టికెట్ కొంటాడు. అందుకే ఎంతకైనా సరే గది నింపడమే అక్కడి పాత సూత్రం. మనుషులు వచ్చారు, జేబులు మాత్రం ఇంట్లో పెట్టి వచ్చారు. స్ట్రిప్‌లోని క్యాసినోల జూదపు రాబడి సుమారు 680 కోట్ల డాలర్ల నుంచి 555 కోట్లకు జారింది. నగరంలో ఇళ్ల ధరలు సగానికి పైగా కూలాయి. నిరుద్యోగం 2010లో 14 శాతానికి చేరింది.

అక్కడ అందరి కంటికీ కనిపించేది శనివారం రాత్రి. నగరాన్ని నిలబెట్టేది మాత్రం మంగళవారం. వారాంతానికి దక్షిణ కాలిఫోర్నియా నుంచి కార్లలో జనం ఎలాగూ వస్తారు. సోమవారం నుంచి గురువారం దాకా లక్షకు పైగా గదులను నింపేది కంపెనీల సదస్సులు, వాణిజ్య ప్రదర్శనలే. మెడలో పేరు బిళ్లలు వేసుకుని తిరిగే ఆ జనం పెద్దగా పందేలు కాయరు. కానీ గదికి పూర్తి ధర వాళ్ల కంపెనీ కడుతుంది. 2009 ఫిబ్రవరిలో అధ్యక్షుడు ఒబామా, ప్రభుత్వ సాయం తీసుకున్న కంపెనీలు ప్రజల డబ్బుతో వేగస్ యాత్రలు చేయడం కుదరదని అన్నప్పుడు ఆ ఊరు గగ్గోలు పెట్టింది ఇందుకే. సాయం తీసుకోని కంపెనీలు కూడా మనకెందుకొచ్చిన తంటా అని సమావేశాలు రద్దు చేసుకున్నాయి. కోలుకోవడం కూడా ఆ వరుసలోనే జరుగుతుంది: మొదట వారాంతాలు, ఎంతో ఆలస్యంగా వారం మధ్య రోజులు. కోవిడ్ దెబ్బ తర్వాత 2021లోనూ సరిగ్గా అదే జరిగింది.

ఇక అప్పుల మాట. క్యాసినో కంపెనీలు నష్టాలతో కన్నా వడ్డీలతో ఎక్కువగా చస్తాయి. లాస్ వేగస్ శాండ్స్ షేరు 2007లో 140 డాలర్లు దాటి, 2009 మార్చిలో రెండు డాలర్ల కిందికి పడింది. దాని అధిపతి షెల్డన్ ఏడెల్సన్ కుటుంబం సొంత సొమ్ము సుమారు 100 కోట్ల డాలర్లు దించి కంపెనీని గట్టెక్కించింది. హారాస్ అనే పెద్ద సంస్థను 2008 జనవరిలో, అంటే సరిగ్గా కొనకూడని వేళ, రెండు మదుపు సంస్థలు దాదాపు 3,000 కోట్ల డాలర్ల విలువకు కొన్నాయి. ఆ అప్పు ఏడేళ్లు నలిగి నలిగి, అప్పటికి సీజర్స్‌గా పేరు మార్చుకున్న ఆ సంస్థ ప్రధాన విభాగాన్ని 2015లో దివాలా కోర్టుకు తెచ్చింది. ఆ రోజున కూడా దాని క్యాసినోల్లో బల్లలు నిండుగానే ఉన్నాయి.

వేగస్‌లోని కాస్మోపాలిటన్ హోటల్ కథ ఈ వ్యాపారపు గుట్టును మరింత దగ్గరగా చూపిస్తుంది. దాన్ని మొదలుపెట్టిన బిల్డరు 2008లో అప్పు తీర్చలేకపోవడంతో, హోటళ్లు నడిపే అలవాటే లేని డాయిషే బ్యాంకు చేతికి సగం కట్టిన రెండు టవర్లు వచ్చాయి. వదిలేయలేక పూర్తి చేసింది. మొత్తం దాదాపు 390 కోట్ల డాలర్లు అయ్యింది. 2010 డిసెంబరులో తెరిచారు. గదులు నిండేవి, వయసులో ఉన్నవాళ్లు వరస కట్టేవాళ్లు, అయినా ఏటా నష్టమే. 2014లో బ్లాక్‌స్టోన్ అనే మదుపు సంస్థ దాన్ని 173 కోట్లకు కొని, మరికొంత ఖర్చు పెట్టి బాగుచేసి, 2022లో 565 కోట్లకు అమ్ముకుంది. అదే కట్టడం, అదే రహదారి. సగం ధరకు కొన్నవాడికి ఆ గది అద్దె లాభమైంది. పూర్తి ధర పెట్టి కట్టినవాడికి అదే అద్దె నష్టం. అందుకే క్యాసినో నగరాల్లో రెండో యజమానో మూడో యజమానో బాగుపడతాడని ఒక ఆనవాయితీలా చెప్పుకుంటారు. నగరం కోలుకోవడంలో పెద్ద భాగం ఎవరో ఒకరి పెట్టుబడి నిశ్శబ్దంగా మాయమైపోవడమే. పత్రికల్లో మాత్రం మూడో యజమాని ఫొటో వస్తుంది.

రెండో రకం దెబ్బకు అట్లాంటిక్ సిటీ పాఠ్యపుస్తకం. న్యూజెర్సీ ఓటర్లు 1976లో ఒప్పుకున్నారు, 1978 మేలో మొదటి క్యాసినో తెరుచుకుంది. నెవాడా తర్వాత అప్పట్లో అమెరికాలో క్యాసినోలున్న చోటు అదొక్కటే. న్యూయార్క్, ఫిలడెల్ఫియాల నుంచి బస్సుల్లో జనం దిగేవారు. సముద్రపు ఒడ్డు చెక్క నడవ మీద పన్నెండు క్యాసినోల దాకా లేచాయి. వాటి రాబడి 2006లో 520 కోట్ల డాలర్లతో శిఖరానికి చేరింది. అదే ఏడాది నవంబరులో పెన్సిల్వేనియాలో మొదటి స్లాట్ మెషీన్లు తిరిగాయి. ఫిలడెల్ఫియా మనిషికి గంటకు పైగా కారు నడపాల్సిన పని తప్పింది. రెండేళ్లకే మాంద్యం రావడంతో రెండు దెబ్బలూ కలిసిపోయి, అసలు జబ్బేదో చాలామందికి తెలియలేదు. మాంద్యం పోతే జనం తిరిగొస్తారనుకున్నారు. మాంద్యం పోయింది. జనం తమ ఊళ్ల దగ్గరి యంత్రాల ముందే కూర్చుండిపోయారు.

ఆ పొరపాటుకు నిలువెత్తు స్మారకం రెవెల్ అనే క్యాసినో. 240 కోట్ల డాలర్ల ఖర్చుతో 2012 ఏప్రిల్‌లో తెరిచారు. మధ్యలో పెట్టుబడి పెట్టిన బ్యాంకు మోర్గాన్ స్టాన్లీ దాదాపు వంద కోట్ల డాలర్లు వదులుకుని తప్పుకోగా, రాష్ట్ర ప్రభుత్వం పన్ను రాయితీల ఆశ చూపి పూర్తి చేయించింది. అట్లాంటిక్ సిటీకి వచ్చే పాత జూదరి అక్కర్లేదు, కొత్త తరహా అతిథులు వస్తారన్నది దాని ధీమా. కాబట్టి లోపల సిగరెట్ నిషిద్ధం. బఫే లేదు. జనాన్ని దించే బస్సులు లేవు. జూదపు అంతస్తు చేరాలంటే నిటారు ఎస్కలేటర్ ఎక్కాలి. ఆ ఊరి క్యాసినోలకు ప్రాణమైన వయసు మళ్లిన ఆటగాళ్లకు అదే పెద్ద అడ్డంకి. పోతే పోనీ అనుకున్న ఆ పాత జూదరి నిజంగానే పోయాడు. రావలసిన కొత్త అతిథి రాలేదు. రెవెల్ రెండుసార్లు దివాలా తీసి 2014 సెప్టెంబరు 2న మూతపడింది. మరుసటి ఏడాది 8.2 కోట్లకు అమ్ముడుపోయింది. అంటే, కట్టడానికి పెట్టిన ప్రతి వంద డాలర్లకూ మూడున్నర డాలర్ల చొప్పున. 2018 జూన్ 27న ఓషన్ పేరుతో మళ్లీ తెరుచుకుంది. అదే రోజున, రెండేళ్ల కిందట మూతపడ్డ ట్రంప్ తాజ్‌మహల్ కూడా హార్డ్ రాక్‌గా తెరుచుకుంది.

2014 ఒక్క ఏడాదిలోనే నాలుగు క్యాసినోలు మూతపడి, సుమారు ఎనిమిది వేల మందికి పని పోయింది. మిగిలిన ఎనిమిది క్యాసినోల నిర్వహణ లాభం ఆ మరుసటి ఏడాది పెరిగింది! ఉన్న జనాన్ని పంచుకునేవాళ్లు తగ్గారు గదా. పరిశ్రమ లెక్కల్లో దీన్ని కోలుకోవడమనే రాస్తారు. ఒక అర్థంలో నిజం కూడా. పని పోయిన ఎనిమిది వేల మంది ఇళ్లలో ఆ పదానికి అర్థం లేదు.

ఆ ఊరి ఖజానా పరిస్థితి గోరుచుట్టుపై రోకటిపోటు. అట్లాంటిక్ సిటీ ఆస్తిపన్నులో అత్యధిక భాగం క్యాసినోలే కట్టేవి. వాటి విలువ పడిపోగానే అవి పన్ను న్యాయస్థానానికి వెళ్లి, మా భవనాలకు మీరు కట్టిన విలువ ఎక్కువ, ఇన్నేళ్లూ అదనంగా వసూలు చేసింది వెనక్కివ్వండి అన్నాయి, గెలిచాయి కూడా. బొర్గాటా అనే క్యాసినో ఒక్కదానికే నగరం బాకీ పడింది దాదాపు 16.5 కోట్ల డాలర్లు. జనాభా నలభై వేల లోపున్న ఊరది. క్యాసినోల వాటా తగ్గిన మేరకు మామూలు ఇళ్లవాళ్ల పన్ను పెరిగింది. పన్ను కట్టలేనివాళ్లు ఊరు వదిలారు. 2016 నవంబరులో న్యూజెర్సీ ప్రభుత్వం నగర పాలనను తన చేతిలోకి తీసుకుంది. బొర్గాటా బాకీని 7.2 కోట్లకు ఒప్పించింది. క్యాసినోలు ఆస్తిపన్నుకు బదులు తమ రాబడిని బట్టి మొత్తంగా ఇంత అని కట్టే పద్ధతి కొత్త చట్టంతో వచ్చింది. కోర్టుల చుట్టూ తిరిగే పని తప్పిందన్నది దాని మేలు. ఎన్నుకున్న మేయరు, కౌన్సిలు ఉండగా నిర్ణయాలు రాష్ట్ర రాజధానిలో జరగడం దానికి చెల్లించిన ధర.

మరి ఇదే దెబ్బ లాస్ వేగస్‌కు ఎందుకు తగల్లేదు? తగిలింది. కాకపోతే చాలా ముందే, 1978లోనే తగిలింది. తూర్పు తీరపు జూదరులను అట్లాంటిక్ సిటీ లాగేసుకుంది. 1980 నవంబరులో ఎంజీఎం గ్రాండ్ అగ్నిప్రమాదంలో 85 మంది చనిపోయారు. మాంద్యం తోడైంది. ఆ దశాబ్దపు మొదటి సగం వేగస్‌కు గడ్డుకాలం. 1989 నవంబరులో స్టీవ్ విన్ తెరిచిన మిరాజ్‌తో గాలి మారింది: ముంగిట మంటలు చిమ్మే కృత్రిమ అగ్నిపర్వతం, లోపల తెల్లపులులు. చిత్రమేమిటంటే, విన్ అంతకు రెండేళ్ల ముందు అట్లాంటిక్ సిటీలోని తన క్యాసినోను 44 కోట్ల డాలర్లకు అమ్మేసుకుని వచ్చారు. 1990 ప్రాంతంలో స్ట్రిప్ రిసార్టుల రాబడిలో జూదం వాటా 58 శాతం దాకా ఉండేది. ఆ దశాబ్దం ముగిసేసరికి సగం కన్నా తగ్గింది; ఇప్పుడు మూడో వంతుకూ తక్కువే. పక్క రాష్ట్రంలో స్లాట్ మెషీన్ పెట్టుకోవచ్చు, ఇరవై పెద్ద హోటళ్లు వరసగా ఉన్న వీధిని పెట్టుకోవడం కష్టం. 2018 మేలో క్రీడల పందేలపై నెవాడాకున్న ప్రత్యేక హక్కును అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసినప్పుడు కూడా వేగస్ పెద్దగా కంగారుపడలేదు. పందెం ఎక్కడైనా కాసుకోండి, ఆట చూడటానికి ఇక్కడికి రండి అంది. అప్పటికే ఐస్ హాకీ జట్టు వచ్చింది. 2020లో రైడర్స్ ఫుట్‌బాల్ జట్టు వచ్చింది; ఆ స్టేడియానికి గదుల మీది పన్నుతో తీర్చే 75 కోట్ల ప్రజాధనం ఇచ్చారు. పన్ను కట్టేది సందర్శకుడే గదా అన్నది వాదన. ఆ పన్ను ఊరి బడులకు గూడా పనికొచ్చేదే గదా అన్నది ఎదురువాదన. రెండోదానికి బలమెక్కువని ఒప్పుకోక తప్పదు.

ఈ పాఠం యూరప్‌లో ఎప్పుడో ఒకసారి జరిగిపోయిందే. 19వ శతాబ్దంలో మొనాకోలోని మాంటే కార్లో వెలిగింది చుట్టుపక్కల దేశాలు రూలెట్ అనే చక్రపు జూదాన్ని నిషేధించినందువల్ల. 1933లో ఫ్రాన్స్ దాన్ని అనుమతించగానే ఆ వెలుగు మసకబారింది. మొనాకో నిలిచింది ఆదాయపు పన్ను లేని నివాసంగా, కార్ల పందేల ఊరుగా. క్యాసినో ఇప్పుడక్కడ ఎక్కువగా ఫొటోలు తీసుకునే భవనం.

మకావు సంగతి వేరు. అది చైనా పాలనలోనిది కాబట్టి అక్కడ దెబ్బా, మందూ రెండూ బీజింగ్ నుంచే వస్తాయి. 2013లో ఆ చిన్న భూభాగపు క్యాసినోల రాబడి 36,070 కోట్ల పటాకాలు (పటాకా అక్కడి కరెన్సీ). అందులో మూడింట రెండు వంతులు వీఐపీ గదుల్లోంచి వచ్చేది. చైనా ప్రధాన భూభాగంలో జూదపు బాకీని కోర్టు ద్వారా వసూలు చేసుకునే దారి లేదు, డబ్బు బయటికి తీసుకెళ్లడానికీ పరిమితులున్నాయి. ఆ ఖాళీలో జంకెట్లనే దళారులు పుట్టారు: సంపన్నుణ్ణి తీసుకొస్తారు, అప్పిస్తారు, ఊరికి వెళ్లాక వాళ్లే వసూలు చేసుకుంటారు. అవినీతిపై చైనా యుద్ధం మొదలుపెట్టడంతో 2016కల్లా రాబడి 22,300 కోట్లకు దిగింది. తర్వాత కోవిడ్. 2021 నవంబరులో అతిపెద్ద జంకెట్ సన్‌సిటీ అధిపతి ఆల్విన్ చావ్ అరెస్టు. 2023లో ఆయనకు 18 ఏళ్ల శిక్ష. 2022 రాబడి 4,220 కోట్లు, శిఖరంలో ఎనిమిదో వంతు కూడా లేదు.

అయినా మకావు రోడ్డున పడలేదు. ప్రభుత్వ ఆదాయంలో ఐదింట నాలుగు వంతులు జూదం నుంచే వచ్చినా, మంచి రోజుల్లో దాన్ని ఖర్చు చేయకుండా కూడబెట్టింది. చెడ్డ రోజుల్లో ఆ నిల్వలోంచి తీసి నడిపింది. స్థానికుల్లో నిరుద్యోగం ఆరు శాతం దాటలేదు. ఇది విని మెచ్చుకునే ముందు మరో అంకె చూడాలి. బయటి నుంచి వచ్చి అనుమతి మీద పనిచేసేవాళ్లు 2019 చివర 1.96 లక్షల మంది. మూడేళ్ల తర్వాత 1.52 లక్షలు. పని పోతే వాళ్లకు ఆ ఊళ్లో ఉండే హక్కు పోతుంది. వాళ్ల నిరుద్యోగం ఫిలిప్పీన్స్, వియత్నాం, చైనా పల్లెల లెక్కల్లో చేరింది గాని మకావు లెక్కల్లో చేరలేదు. 2023 జనవరి నుంచి పదేళ్లకు కొత్త లైసెన్సులు ఇస్తూ ఆరు కంపెనీల చేత 11,880 కోట్ల పటాకాల పెట్టుబడికి మాట తీసుకున్నారు. అందులో తొంభై శాతం జూదానికి సంబంధం లేనివాటికే పెట్టాలి: కచేరీలు, ప్రదర్శనలు, ఆటలు. 2024 రాబడి 22,680 కోట్లు. శిఖరానికి చాలా కింద ఉన్నా ఇది సామాన్య ఆటగాళ్ల డబ్బు. వీఐపీల వాటా నాలుగో వంతుకు తగ్గింది. ఒక్క అరెస్టుతో కూలే రాబడి కాదిది.

తుపాను కొట్టిన ఊరు కూడా ఒకటి చెప్పుకోవాలి. అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రపు అప్పటి చట్టం ప్రకారం బిలాక్సీ అనే ఊరి క్యాసినోలు నేల మీద ఉండకూడదు, నీటిలో తేలే బార్జ్‌ల మీదే ఉండాలి. నేలను పాపం నుంచి కాపాడాలన్న నియమం. 2005 ఆగస్టు 29న కత్రినా ఆ బార్జ్‌లను ఎత్తి తీరపు రహదారికి అవతల పడేసింది. రెండు నెలలు తిరగకుండానే చట్టసభ, తీరం నుంచి 800 అడుగుల లోపల నేల మీదే కట్టుకోవచ్చని సవరించింది. సరిగ్గా ఏడాదికి, 2006 ఆగస్టు 29న, బ్యూ రివేజ్ మళ్లీ తెరుచుకుంది. దాని వెనక వీధుల్లో ఇళ్లు లేని ఖాళీ స్థలాలు ఏళ్ల తర్వాత కూడా అలాగే ఉన్నాయి. బీమా, చట్టం, పెట్టుబడి కలిసొస్తే క్యాసినో పన్నెండు నెలల్లో లేస్తుంది. ఆ మూడూ ఇంటివాళ్ల కోసం అంత తొందరగా కలవవు.

వేగస్‌లో 2020 మార్చి నుంచి జూన్ 4 దాకా 78 రోజులు క్యాసినోలు మూసేశారు. ఏప్రిల్‌లో అక్కడ పని చేస్తున్న, పని వెతుక్కుంటున్న వాళ్లలో మూడో వంతుకు పని లేదు. 2021లో సందర్శకులు 3.22 కోట్లు, అంటే 2019 కన్నా నాలుగో వంతు తక్కువ. అదే ఏడాది నెవాడా క్యాసినోలు 1,340 కోట్ల డాలర్లతో అప్పటిదాకా లేని రికార్డు సృష్టించాయి. తక్కువ మంది వచ్చి ఎక్కువ ఖర్చు పెట్టారు. కంపెనీలు బఫేలు మూసి, గదులు రోజూ శుభ్రం చేయడం మాని, తక్కువ సిబ్బందితో నడపడం నేర్చుకున్నాయి. అదే వేసవిలో నిరుద్యోగంలో దేశంలోని అగ్రస్థానాల్లో నెవాడా ఉంది. తీసేసిన పాతవాళ్లనే ముందు పిలవాలని రాష్ట్రం 2021లో చట్టం చేయాల్సి వచ్చింది. గదులు రోజూ శుభ్రం చేయించాలన్న షరతును, గదులు శుభ్రం చేసేవాళ్లు కూడా సభ్యులైన పాకశాల కార్మికుల సంఘం 2023 నవంబరులో, సమ్మె అంచుదాకా వెళ్లి, ఒప్పందంలో రాయించుకుంది. అలసిపోయిన అతిథి ఒక తువ్వాలు అడిగే చిన్న విషయమనిపిస్తుంది. వేల ఉద్యోగాలు ఆ షరతు మీదే నిలిచి ఉన్నాయి.

ఆ రికార్డుల రుచి మరిగి వేగస్ తన పాత సూత్రాన్ని తిరగేసింది. 2009లో అద్దె తగ్గించి జనాన్ని నిలబెట్టుకున్న ఊరు, 2023 నాటికి సగటు అద్దెను 190 డాలర్లు దాటించింది. పైన రిసార్టు రుసుము, కారు నిలిపినందుకు రుసుము వేరే. 2025లో జనం తగ్గారు. ఒక్క జూన్‌లోనే అంతకు ముందటేడు కన్నా 11 శాతం తక్కువ. కెనడా వాళ్లు అమెరికా ప్రయాణాలే మానుకోవడం ఒక కారణం. నీళ్ల సీసా ధర చూసి ముఖం చిట్లించిన మధ్యతరగతి మరో కారణం. ఇది మొదటి రకం దెబ్బా, రెండో రకమా అన్నది వారం మధ్య గదులే చెప్పాలి.

అట్లాంటిక్ సిటీ లెక్కల్లో ఇప్పుడు ఒక వింత అంకె ఉంది. 2013లో న్యూజెర్సీ ఇంటర్నెట్ జూదానికి అనుమతిచ్చినప్పుడు, లైసెన్సు అక్కడి క్యాసినోలకే దక్కాలని షరతు పెట్టింది. 2024లో ఆ క్యాసినోల బల్లలు, యంత్రాల మీద వచ్చిన రాబడి సుమారు 282 కోట్ల డాలర్లు. ఫోన్లు, కంప్యూటర్ల మీద వచ్చింది 239 కోట్లు. రెండూ కలిపితే 2006 నాటి శిఖరం తిరిగొచ్చినట్టే. ఆ రెండో మొత్తంలో పెద్ద వాటా సాంకేతిక భాగస్వాములకు పోతుంది. దాన్ని తెచ్చిన జూదరి చెక్క నడవ మీద నడవలేదు, గది తీసుకోలేదు, వడ్డించిన మనిషికి టిప్పు ఇవ్వలేదు. న్యూయార్క్ నగర ప్రాంతంలో పూర్తిస్థాయి క్యాసినోలు మూడింటి దాకా రావడానికి చట్టం ఇప్పటికే దారి ఇచ్చింది. అవి తెరుచుకున్నాక తగ్గేది మొదటి అంకె.